బీదరు: శీతోష్ణస్థితి, పరిసర ప్రకృతి

బీదరు: కర్ణాటకపు ఈశాన్యాగ్రమున, సముద్రమట్టమునకు 2,200 అడుగులకు మించిన ఎత్తున, ఎఱ్ఱని లాటరైటు పీఠభూమిపై వెలసిన చారిత్రక నగరము. 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రాంతర్గతము. కన్నడము, ఉర్దూ, మరాఠీలతోపాటు తెలుగును ఈ జిల్లాలో వినవచ్చును. దక్షిణమునందలి బగ్దల్ మొదలగు గ్రామములకు ఇదియే సమీప పట్టణము.

శీతోష్ణస్థితి: ఉన్నతస్థానవిశేషముచే బీదరు గాలికిని ఒకింత చలువ కలదు. వేసవి పగళ్లు తీక్ష్ణములు గావున, తొలకరి మొదలు మాఘమాసము వఱకు గల కాలము సందర్శనకు అనుకూలము.

జలవిశేషములు: వాననీరు రంధ్రమయమగు లాటరైటులో ఇంకి, క్రిందనున్న నల్లరాతి పొరలను చొరజాలక, పీఠభూమి అంచులందు ఊటలై వెలువడుటయే ఈ ప్రాంతశోభకు మూలము. గురునానకు ఝిరా అట్టి ఊటయే. బహమనీల కాలమున భూగర్భజలమును కొనివచ్చుటకై త్రవ్వించిన సొరంగపుఁ గాలువలకు కరేజులని పేరు.

నరసింహ ఝరణి: ఇచట భక్తులు నడుములోతు మొదలు రొమ్ములోతు వఱకు గల నీటిలో, పైకప్పున గబ్బిలములు వ్రేలాడుచుండ, సుమారు 300 మీటర్ల గుహామార్గమును నడచి, తుదిని నృసింహస్వామిని దర్శింతురు.

ఇతరములు: గోదావరికి ఉపనది యగు మంజీర ఈ జిల్లాగుండ ప్రవహించును. పరిసరపు పచ్చికబయళ్లలో కృష్ణజింకలు సంచరించును. మహమూదు గవాను 1472లో కట్టించిన మదరసా, విశాలమగు కోట నగరమునందే చూడదగినవి.