చిల్లర సరుకుల దిగుమతి, కస్టమ్స్ సుంకాలు

విదేశాల్లో తయారైన బొమ్మలు, గిల్టు నగలు, గొడుగులు, మొబైల్ ఉపకరణాలు, వంటింటి సామాను వంటి వస్తువులను కొద్ది మొత్తాల్లో తెప్పించి స్వదేశంలో అమ్ముకోవడం చిన్న తరహా దిగుమతి వ్యాపారం. భారతదేశంలో ఇది ప్రధానంగా కస్టమ్స్ చట్టం (1962), కస్టమ్స్ టారిఫ్ చట్టం (1975), విదేశీ వాణిజ్య అభివృద్ధి, నియంత్రణ చట్టం (1992) పరిధిలో నడుస్తుంది. తొలిసారి సరుకు తెప్పించే వ్యాపారిని ఎక్కువగా దెబ్బతీసేది సుంకం రేటు కాదు. ఆర్డరు పెట్టేముందు చూసుకోవాల్సిన లెక్కలు, అనుమతులు సరుకు రేవుకు చేరాక చూసుకోవడం.

నేపథ్యం

సముద్ర వర్తకంపై సుంకం తెలుగు నేలకు పాత సంగతే. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఈ ఊరు నేటి బాపట్ల జిల్లాలో ఉంది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకాన్ని ముప్పయ్యో వంతుగా ఖాయం చేశాడు. ఎంత కట్టాలో ముందే తెలిస్తేనే వర్తకుడు ధైర్యంగా ఓడ ఎక్కుతాడన్న ఎరుక ఆ శాసనంలో ఉంది.

నేడు చిన్న వ్యాపారులకు ప్రధాన సరఫరా కేంద్రాల్లో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రానికి చెందిన యీవూ టోకు బజారు ఒకటి. తెలుగు రాష్ట్రాలకు వచ్చే సరుకు విశాఖపట్నం, చెన్నై, ముంబయి దగ్గరి నవా షేవా వంటి రేవుల్లో దిగుతుంది. హైదరాబాద్‌లో సనత్‌నగర్ ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపోలోనూ కస్టమ్స్ క్లియరెన్సు జరుగుతుంది. బేగంబజార్ వంటి టోకు బజార్లలో ఇలాంటి సరుకు విరివిగా అమ్ముడవుతుంది.

నమోదులు

అమ్మకానికి సరుకు తెప్పించే ప్రతి ఒక్కరికీ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే దిగుమతి–ఎగుమతి కోడ్ ఉండాలి. వాడుకలో దీన్ని ఐఈసీ అంటారు. జీఎస్టీ వచ్చాక పాన్ నంబరే ఐఈసీ నంబరు అయింది. దరఖాస్తు రుసుము రూ.500. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య వివరాలను పోర్టల్‌లో ధ్రువీకరించకపోతే కోడ్ నిలిచిపోతుంది. జీఎస్టీ నమోదు కూడా ఉండాలి. సరఫరాదారుకు సొమ్ము బ్యాంకు ద్వారానే పంపాలి. ఆ చెల్లింపునూ, దిగిన సరుకునూ బ్యాంకు సరిపోల్చి చూస్తుంది.

వస్తువు కోడ్, విలువ

సుంకం ఎంతన్నది వస్తువు హెచ్ఎస్ కోడ్‌ను బట్టి తేలుతుంది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన ఆరంకెల కోడ్‌ను భారత్ ఎనిమిది అంకెలకు పొడిగించుకుంది. కోడ్ తప్పితే రేటూ, అనుమతులూ రెండూ తప్పుతాయి. వర్గీకరణలో సందేహం ఉంటే ఢిల్లీ, ముంబయిల్లోని కస్టమ్స్ ముందస్తు తీర్పుల సంస్థను దిగుమతికి ముందే ఆశ్రయించవచ్చు.

సుంకాన్ని సరుకు ధర, రవాణా ఖర్చు, బీమా మూడూ కలిపిన విలువపై లెక్కిస్తారు. 2007 విలువ నిర్ణయ నిబంధనల ప్రకారం, రవాణా ఖర్చు తెలియనప్పుడు ఓడ లేదా విమానం ఎక్కించే వరకు అయిన ధరలో 20 శాతాన్ని, బీమా తెలియనప్పుడు 1.125 శాతాన్ని కలుపుతారు. ఇన్వాయిస్‌లో చూపిన ధర నమ్మదగ్గదిగా లేదనిపిస్తే, అధికారి ఆధారాలు అడిగి విలువను మళ్లీ నిర్ణయించవచ్చు.

పన్నుల లెక్క

సాధారణంగా మూడు పద్దులు ఉంటాయి: మౌలిక కస్టమ్స్ సుంకం, దానిపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, సరుకు విలువకు ఆ రెండూ కలిపిన మొత్తంపై ఐజీఎస్టీ (సమీకృత జీఎస్టీ). కొన్ని వస్తువులపై 2021 నుంచి వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు అదనం.

మౌలిక సుంకం 20 శాతం, ఐజీఎస్టీ 18 శాతం ఉన్న వస్తువును తీసుకుందాం. రవాణా, బీమాతో కలిపి సరుకు విలువ రూ.1,00,000 అయితే మౌలిక సుంకం రూ.20,000, సర్‌చార్జి రూ.2,000. రూ.1,22,000పై ఐజీఎస్టీ రూ.21,960. కస్టమ్స్ దగ్గర కట్టాల్సింది రూ.43,960. ఇందులో ఐజీఎస్టీని జీఎస్టీ నమోదున్న వ్యాపారి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తిరిగి వాడుకోవచ్చు; మిగతా రూ.22,000 మాత్రం సరుకు ధరలో కలిసే ఖర్చే. జీఎస్టీలోని కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ క్రెడిట్ రాదు కాబట్టి రూ.43,960 మొత్తం వారి నెత్తినే పడుతుంది. క్రెడిట్ వచ్చేవారికైనా ముందుగా అంత నగదు చేతిలో ఉండాలి.

కొన్నిటికి బరువూ లెక్కకు వస్తుంది. 2023 బడ్జెట్ గిల్టు నగలపై సుంకాన్ని 25 శాతం లేదా కిలోకు రూ.600, ఏది ఎక్కువైతే అది అని నిర్ణయించింది. కిలో రూ.1,000 విలువ చేసే చవక నగలపై 25 శాతం అంటే రూ.250, అయినా ఆ నిబంధన ప్రకారం పడేది రూ.600. రేట్లు బడ్జెట్‌కు బడ్జెట్‌కు మారుతుంటాయి. సాధారణంగా దిగుమతి ప్రకటన పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలైన నాటి రేటే, సరుకు రాకముందే దాఖలు చేస్తే ఓడ లేదా విమానం చేరిన నాటి రేటు వర్తిస్తుంది.

సరుకు వచ్చే దారులు

చిన్న పార్శిళ్లు కొరియర్‌లోనో, విదేశీ తపాలా కార్యాలయాల ద్వారానో వస్తాయి. కొరియర్ సంస్థ తానే పత్రాలు దాఖలు చేసి, సుంకంతో పాటు తన సేవా రుసుమూ వసూలు చేస్తుంది. కంటైనర్ నిండని సరుకును ఇతరుల సరుకుతో కలిపి ఓడలో పంపుతారు. రవాణా చవకే గానీ రేవులో విడదీసే ఖర్చులు, ఏజెంటు రుసుము తోడవుతాయి.

సరుకు చేరే రోజుకు ముందురోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీని కస్టమ్స్ శాఖ ఐస్‌గేట్ పోర్టల్‌లో దాఖలు చేయాలి. ఆలస్యమైతే తొలి మూడు రోజులు రోజుకు రూ.5,000, ఆపై రోజుకు రూ.10,000 రుసుము పడుతుంది. సుంకం గడువులోగా కట్టకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ. గోదాములో నిలిచిన సరుకుకు డెమరేజ్ వేరు. ఈ పనులకు లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకర్ సాయం తీసుకోవడం పరిపాటి. అయితే పత్రాల్లోని వివరాల నిజానిజాలకు బాధ్యత దిగుమతిదారుదే.

అమ్మకానికి తెచ్చిన సరుకును ప్రయాణికుల సామానుగా చూపి మినహాయింపు కోరే వీలు లేదు. పోస్టులో, కొరియర్‌లో కానుక పేరిట వస్తువులు తెప్పించడాన్ని 2019 డిసెంబరులో నిషేధించారు. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మినహాయింపు ఉంది.

అనుమతులు, లేబుళ్లు

సుంకం కట్టినంత మాత్రాన సరుకు బయటికి రాదు. బొమ్మలే ఇందుకు ఉదాహరణ. వాటిపై సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర తప్పనిసరి అయింది. ఆ లైసెన్సు తీసుకోవాల్సింది తయారీదారు. అది లేని కర్మాగారం బొమ్మలకు దిగుమతిదారు ఎంత సుంకం కట్టినా ఫలితం ఉండదు. పవర్ బ్యాంకులు, చార్జర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్, సౌందర్య సాధనాలకు కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ నమోదు, ఆహార పదార్థాలకు ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి కావాలి. ధర రూ.20 లోపు ఉన్న గ్యాస్ జేబు లైటర్ల దిగుమతిని 2023లో నిషేధించారు.

ప్యాకెట్లపై దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు సంప్రదించాల్సిన వివరాలు ఉండాలని 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి.

ఉల్లంఘనలు

ధర తగ్గించి చూపడం, వస్తువు పేరు మార్చడం, నిషిద్ధ సరుకు తేవడం కస్టమ్స్ చట్టంలోని 111, 112 సెక్షన్ల కింద జప్తుకు, జరిమానాకు దారితీస్తాయి. తక్కువ పడిన సుంకాన్ని మామూలుగా రెండేళ్లలోపు, నిజాలు దాచినట్టు తేలితే అయిదేళ్లలోపు నోటీసిచ్చి రాబట్టవచ్చు. సరుకు అమ్ముడై లాభం ఖర్చయిపోయాక వచ్చే ఇలాంటి నోటీసును చిన్న దుకాణం తట్టుకోలేదు. ఎనిమిదంకెల కోడ్, తప్పనిసరి అనుమతులు, సుంకంతో కలిపి దుకాణం చేరే ధర: ఈ మూడూ కాగితంపై తేలాకే అడ్వాన్సు పంపాలి.