గుర్రాల పనితో విదేశాలకు: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సిన సంగతులు

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి, పలాస వైపు గల్ఫ్‌కి వెళ్లిన మనిషి లేని ఊరు అరుదు. వెల్డరు, ఫిట్టరు, రిగ్గరు పనులకు ఎలా వెళ్లాలో ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు. గుర్రాల పనికి వెళ్లేవాళ్లు తక్కువ. అందుకే వాళ్లకి సలహా చెప్పేవాళ్లూ తక్కువే. ఒక్కరే వెళ్లి రెండేళ్లకోసారి రావడం వేరు, భార్యాపిల్లల్ని తీసుకెళ్లి అక్కడే కాపురం పెట్టడం వేరు. ఆ రెండో ఆలోచన ఉన్నవాళ్ల కోసం ఈ వివరాలు.

ఈ పని మన దగ్గరికి ఎలా వచ్చింది

శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ సర్కారుకు కేంద్రం. ఫౌజుదార్లు ఇక్కడి నుంచే పాలించేవారు. పట్టణంలోని జామియా మసీదును 1641లో కట్టించిన షేర్ మహమ్మద్ ఖాన్ కూడా ఫౌజుదారే. ఫౌజు ఉన్నచోట గుర్రాలుంటాయి, గుర్రాలున్నచోట వాటిని చూసుకునే మనుషులుంటారు. 1757 బొబ్బిలి యుద్ధం నాటి విజయనగరం, బొబ్బిలి సంస్థానాలకూ ఇదే వర్తిస్తుంది. తర్వాతి కాలంలో గుర్రం జట్కా బండికి మారింది. ఆటోలు వచ్చాక ఆ బతుకూ పోయింది. ఇప్పుడు మిగిలింది పెళ్లి ఊరేగింపు గుర్రాలు, విశాఖ ఆర్కే బీచ్‌లో సవారీ గుర్రాలు, ఇంకొంచెం పెద్ద పని కావాలంటే హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సు.

మనం సాయిసు అనే మాట అరబీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి మనకీ వచ్చింది. ఇంగ్లీషువాళ్లు దాన్నే సైస్ అన్నారు. అరబ్ దేశాల్లో గుర్రాల సాలలో పనిచేసేవాడి వీసా మీద నేటికీ ఇదే మాట కనిపిస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. గల్ఫ్ గుర్రపుశాలల్లో మన దేశంవాళ్లు, పాకిస్తాన్‌వాళ్లు కలిసి పనిచేస్తారు కాబట్టి ఉర్దూ, హిందీ వచ్చినవాళ్లకి మొదటి రోజు నుంచే పని సులువవుతుంది.

మొదటి ప్రశ్న: పిలిచేది ఎవరు?

జీతం ఎంత అని అడిగే ముందు, వీసా ఎవరి పేరు మీద వస్తోందో అడగండి. కుటుంబం వస్తుందా రాదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఒకటి, క్లబ్బు లేదా కంపెనీ వీసా. రేసు క్లబ్బులు, శిక్షకుల సంస్థలు, సవారీ పాఠశాలలు ఇచ్చేవి ఇవి. ఇలాంటి వీసాకు ఆ దేశపు సాధారణ కార్మిక చట్టం వర్తిస్తుంది.

రెండు, ఒక వ్యక్తి సొంత గుర్రపుశాలకు తీసుకునే వీసా. దీన్ని చాలా దేశాల్లో ఇంటి పనివారి కోవలో పెడతారు. యూఏఈలో ఇంటి పనివారి వృత్తుల జాబితాలో వంటమనిషి, డ్రైవరు, తోటమాలితో పాటు ఇంటి గుర్రాల సంరక్షకుడు కూడా ఉన్నాడు. 2022 డిసెంబరు 15 నుంచి అమల్లో ఉన్న అక్కడి చట్టం వీళ్లకి వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల సెలవు, రోజుకి 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకబిగిన ఇవ్వాలంటుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. తీసుకెళ్లే ఖర్చు పనివాడి నెత్తిన వేయకూడదు.

హక్కులు ఉన్నాయి కదా, మరి తేడా ఏంటంటారా? ఇంటి పనివాడికి బస యజమాని ఆవరణలోనే ఉంటుంది. సాల పక్కన గదిలో నలుగురితో పడుకునేచోట సంసారం పెట్టలేరు. బయట ఇల్లు తీసుకుంటానంటే యజమాని ఒప్పుకోవాలి. కాబట్టి కుటుంబంతో స్థిరపడాలనుకునేవాళ్లు క్లబ్బు, కంపెనీ వీసా కోసమే చూడటం మంచిది. ముందు సొంత గుర్రపుశాలలో చేరి, రెండేళ్ల అనుభవంతో కంపెనీకి మారే దారి కూడా ఉంది. అలా మారేటప్పుడు పాత యజమాని రాసిచ్చే అనుభవ పత్రం బాగా పనికొస్తుంది.

కుటుంబాన్ని తీసుకెళ్లే నియమాలు

యూఏఈ: 2019 జూలై నుంచి వృత్తి ఏదన్నది కాదు, ఆదాయమే లెక్క. నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతో పాటు బస ఉంటే భార్యాపిల్లల్ని స్పాన్సర్ చేయొచ్చు. కొత్త సాయిసు జీతం చాలాసార్లు ఈ గీత కింద ఉంటుంది. సీనియర్ సాయిసు, ఉదయపు సవారీ చేసేవాడు, లాడాలు కొట్టేవాడు ఈ గీత దాటే అవకాశం ఎక్కువ.

సౌదీ అరేబియా: ఇకామాలో రాసిన వృత్తి ముఖ్యం. మామూలు కూలి కోవలో రాస్తే కుటుంబ వీసా దొరకడం కష్టం. పైగా వెంట ఉన్న ఒక్కొక్కరికీ నెలనెలా రుసుము ఉంది. 2017 జూలైలో 100 రియాళ్లతో మొదలై ఏటా పెరిగి 2020 జూలై నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు అంటే నెలకు 1,200 రియాళ్లు, ఏడాదికి 14,400. ఇంటి అద్దె, బడి ఫీజు ఇంకా మొదలే కాలేదు.

బ్రిటన్: మన దేశపు రైడర్లు, సాయిసులు న్యూమార్కెట్ లాంటి చోట్ల పనిచేస్తున్నారు. కానీ 2025 జూలై 22 నుంచి నియమాలు బిగిశాయి. డిగ్రీ స్థాయి కన్నా తక్కువ ఉద్యోగాలకు కొత్తగా వెళ్లేవాళ్లు భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లలేరు. పాత వివరాలు చూపించి డబ్బు అడిగే ఏజెంట్లతో జాగ్రత్త.

సింగపూర్, మకావు: ఈ పేర్లు చెప్పి ఎవరైనా రేసు గుర్రాల ఉద్యోగం అంటే వెంటనే అనుమానించండి. మకావులో రేసులు 2024 ఏప్రిల్‌లోపే ఆగిపోయాయి. సింగపూర్‌లో 2024 అక్టోబరు 5న చివరి రేసు నడిచింది. 1842లో మొదలైన క్లబ్బు అది. అంత పాతదైనా మూతపడింది. ఏ దేశంలోనైనా ఈ పని శాశ్వతం కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

సీజను లెక్క వేసుకోండి

గల్ఫ్‌లో రేసులు చలికాలం పని. దుబాయ్ మైదాన్‌లో దుబాయ్ వరల్డ్ కప్ మార్చి చివర్లో వస్తుంది. రియాద్‌లో 2020లో మొదలైన సౌదీ కప్ ఫిబ్రవరిలో. ఎండలు ముదిరాక పెద్ద యజమానుల గుర్రాలు కొన్ని యూరప్‌కి, సౌదీలోనైతే కొండ మీది తాయిఫ్‌కి వెళ్తాయి. గుర్రంతో పాటు సాయిసూ వెళ్లాలి. అంటే భార్యాపిల్లలు పరాయి ఊళ్లో రెండు మూడు నెలలు ఒంటరిగా ఉండాల్సి రావొచ్చు. ఈ సంగతి ఒప్పందం మీద సంతకం పెట్టక ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. పిల్లల వేసవి సెలవులు, ఊరి ప్రయాణం ఆ నెలల్లోనే పెట్టుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది.

కాగితాలు

పదో తరగతి పాసైనవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేని పాస్‌పోర్టు వస్తుంది. పాసవ్వనివాళ్లు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్స్ తీసుకోవాలి. ఈ పని ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో జరుగుతుంది. క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో మరణం లేదా శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. గుర్రం తన్నితే ఏమవుతుందో సాయిసులకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి దీన్ని దండగ ఖర్చు అనుకోవద్దు.

భార్య కుటుంబ వీసా మీద వెళ్తుంటే ఆవిడకి ఈ క్లియరెన్స్ అక్కర్లేదు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే అది.

లైసెన్సు ఉన్న ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగిన రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం. లక్ష, లక్షన్నర అడిగేవాడు, విజిట్ వీసా మీద వెళ్లిపో, అక్కడ మార్చేద్దాం తమ్ముడూ అనేవాడు చట్టం బయట ఉన్నట్టే. ఆ దారిలో వెళ్తే బీమా ఉండదు, ఒప్పందం ఉండదు, రేపు తగాదా వస్తే చూపించడానికి ముక్క కాగితం ఉండదు. ప్రభుత్వ దారి కావాలంటే రాష్ట్ర సంస్థ ఓంక్యాప్ ఉంది.

కుటుంబానికి పెళ్లి పత్రం, పిల్లల జనన పత్రాలు కీలకం. ముస్లిం కుటుంబాలు ఒకటి గుర్తుంచుకోవాలి. ఖాజీగారిచ్చిన నికానామా మన మధ్య చెల్లుతుంది గానీ, విదేశీ కార్యాలయాలు ప్రభుత్వ నమోదు పత్రం అడుగుతాయి. రాష్ట్రంలో 2002 నుంచి పెళ్లిళ్ల తప్పనిసరి నమోదు చట్టం ఉంది. దాని కింద నమోదు చేయించుకోండి. పాస్‌పోర్టులో, ఆధార్‌లో, నికానామాలో పేర్ల అక్షరాలు ఒక్కలా ఉండాలి. ఒకచోట షేక్, ఒకచోట ఎస్‌కే అని ఉంటే అక్కడే ఫైలు ఆగిపోతుంది. సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లకు విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు ఆ దేశాల రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి.

ఆరోగ్యం: ఉద్దానం వాళ్లకి ప్రత్యేకంగా

గల్ఫ్ వైద్య పరీక్షలో క్రియాటినిన్ కూడా చూస్తారు. ఉద్దానం మండలాలవాళ్లు ఏజెంటుకి రూపాయి కట్టే ముందే ఈ పరీక్ష సొంతంగా చేయించుకోవాలి. డబ్బు కట్టాక ఫెయిలైతే ఆ అప్పు ఇంటి మీద పడుతుంది. పరీక్ష పాసైనా కిడ్నీ కొంచెం బలహీనంగా ఉందని డాక్టరు చెప్తే ఎడారి ఎండలో పని గురించి మళ్లీ ఆలోచించండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని నిషేధం. కానీ నీళ్లు తాగడం, తాగకపోవడం మన చేతిలోనే ఉంటుంది. సెలవుకి వచ్చినప్పుడల్లా పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రిలో ఒకసారి చూపించుకోవడం అలవాటు చేసుకోండి.

పనిలో తేడాలు

ఇక్కడ ఉలవలు, గడ్డి పెట్టి పెంచిన అలవాటు అక్కడ నేరుగా పనికిరాదు. అక్కడ ఓట్స్, ఎండిన లూసర్న్ గడ్డి, తయారు దాణా. ప్రతి గుర్రానికీ తూకం రాసిన పట్టిక ఉంటుంది. దాణా ఒక్కసారిగా మారిస్తే గుర్రానికి కడుపు శూల వస్తుంది, అది ప్రాణం తీయగలదు. పేడ వేయకపోవడం, పొట్ట వైపు తిరిగి చూసుకోవడం, నేల మీద దొర్లడం లాంటి గుర్తులు కనిపించిన వెంటనే చెప్పే సాయిసుకి ఎక్కడైనా విలువే. అక్కడ గుర్రానికి కూడా పాస్‌పోర్టు ఉంటుంది, మెడలో మైక్రోచిప్ ఉంటుంది. టీకా తేదీలు చదవగలిగినంత ఇంగ్లీషు నేర్చుకుంటే జీతం పెరగడానికి అదే మొదటి మెట్టు.

గాలి, కళ్లెం, డెక్క సంరక్షణ తెలిసినా చేతిలో పత్రం లేకపోతే బేరం ఆడలేం. మలక్‌పేటలో ఒకటి రెండు సీజన్లు పనిచేసి అనుభవ పత్రం తెచ్చుకోవడం దగ్గరి దారి. పిల్లల్లో ఎవరికైనా ఈ ఆసక్తి ఉంటే విజయనగరం జిల్లా గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉంది. హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. తండ్రి సాయిసు అయినచోట కొడుకో కూతురో గుర్రాల డాక్టరు కావడానికి ఇవి దారులు.

మన గుర్రాన్ని తీసుకెళ్లొచ్చా?

మామూలు మనుషులకి కుదరదు. గ్లాండర్స్ లాంటి అంటురోగాల భయంతో మన దేశపు గుర్రాల మీద చాలా దేశాలు ఆంక్షలు పెట్టాయి. 2025 జూలైలో మీరట్ కంటోన్మెంట్‌లోని సైనిక పశువైద్య కేంద్రాన్ని వ్యాధిరహిత ఆవరణగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. పోటీ గుర్రాలు బయటికి వెళ్లడానికి అదొక కిటికీ మాత్రమే. ఊరి పెళ్లి గుర్రానికి అది వర్తించదు. వెళ్లే ముందు గుర్రాన్ని బాగా చూసుకునేవాళ్లకి అప్పగించండి. కబేళా బేరగాడికి అమ్మేసి వెళ్లిన మనసు అక్కడి గుర్రాల దగ్గర కుదుటపడదు.

కష్టం వస్తే

జీతం ఆగినా, పాస్‌పోర్టు లాక్కున్నా ముందు భారత రాయబార కార్యాలయానికి, మదద్ పోర్టల్‌కి ఫిర్యాదు చేయండి. యూఏఈలో మనవాళ్ల ఉచిత సహాయ నంబరు 80046342. మన దేశంలోంచి ఇంటివాళ్లు 1800113090కి ఫోన్ చేయొచ్చు. రాష్ట్ర సంస్థ ఏపీఎన్ఆర్‌టీ కూడా ఇలాంటి కేసులు చూస్తుంది. ఒప్పందం, వీసా, పాస్‌పోర్టు నకళ్లు ఒక సెట్టు ఊళ్లో అమ్మ దగ్గరో అన్నదమ్ముల దగ్గరో ఉంచి వెళ్లండి. అక్కడ ఫోను పోయినా ఇక్కడి నుంచి కదలడానికి అవే ఆధారం.

చివరిగా వరస గుర్తుంచుకోండి. ముందు ఆరోగ్య పరీక్ష, తర్వాత వీసా ఎవరిదో తేల్చుకోవడం, ఆ తర్వాత ఒప్పందం. ముందు మనిషి వెళ్లి కనీసం ఒక సీజను పనిచేసి, చేతికొచ్చే జీతంలో అద్దె, బడి, రుసుములు పోను ఎంత మిగులుతుందో చూసుకోవాలి. లెక్క కుదిరితే కుటుంబాన్ని పిలవండి. కుదరకపోతే పిల్లల చదువు ఊళ్లోనే ఉంచి, ఇంకో సీజను ఆగండి. ఆగడంలో నామోషీ ఏమీ లేదు. అప్పు చేసి కాపురం పెట్టి, ఏడాది తిరక్కుండా మూటాముల్లె సర్దుకుని రావడంలోనే నష్టం.