శూర్పణఖ నుంచి మోనిత దాకా

టీవీ ధారావాహికల్లో పెళ్ళిని గురించిన ధర్మసందేహాలు తరచుగా వస్తుంటాయి. బలవంతంగా కట్టిన తాళి తాళేనా? ఒక భార్య ఉండగా మరొకతెకు మాట ఇచ్చినవాడు ఏ మాట నిలుపుకోవాలి? వీటన్నిటికంటె పాతది, భార్య శీలాన్ని శంకించిన భర్త కథ. ఆ కథ మన సాహిత్యం నుంచి టీవీ దాకా ఎట్లా నడిచివచ్చిందో, దారిలో ఏమి పోగొట్టుకుందో ఇక్కడ చెప్పదలచుకున్నాను.

సీతా పరిత్యాగాన్ని 13వ శతాబ్దంలో తిక్కన నిర్వచనోత్తర రామాయణంలోను, 18వ శతాబ్దంలో కంకంటి పాపరాజు ఉత్తర రామాయణంలోను చెప్పారు. 1963లో లవకుశ చిత్రం దానినే రంగుల్లో చూపింది. వీటిలో సీత నిర్దోషి అని రాముడికి తెలుసు, తెలిసీ విడిచిపెడతాడు. లోకాపవాదానికి వెరచి, రాజధర్మం పేరిట, నిండుచూలాలిని అడవికి పంపవచ్చునా అన్నది ప్రశ్న. నింద వేసిన నోళ్ళు ఎన్ని ఉన్నా, నిర్ణయం మాత్రం రాముడిదే.

మన స్త్రీల రామాయణపు పాటల్లో ఇదే కథ వేరుగా నడుస్తుంది. వీటిని గురించి వెల్చేరు నారాయణరావు 1991లో విలువైన వ్యాసం ప్రచురించారు. శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమని సీతను అడుగుతుంది. సీత తాను చూసిన కాలివేలు మాత్రమే గీస్తుంది. మిగిలిన రూపం శూర్పణఖ పూర్తిచేస్తుంది. ఆ బొమ్మ రాముడి కంటబడి అనుమానం పుడుతుంది. అంటే, పన్నాగం పన్నే ఆడమనిషిని కథలోకి తెచ్చింది టీవీ కాదు. అయితే ఆ పాటలు శూర్పణఖను చూపి రాముణ్ణి వదిలిపెట్టవు. అంతఃపుర స్త్రీలు సీత పక్షాన నిలిచి అతణ్ణి తప్పుపడతారు.

ఇక కార్తీకదీపం. మలయాళ ధారావాహిక కరుత్తముత్తుకు తెలుగు రూపం. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచింది. డాక్టరు కార్తీక్‌కు పిల్లలు పుట్టరని మోనిత నమ్మిస్తుంది. దీప గర్భవతి అయ్యేసరికి అతడు ఆమెను శంకిస్తాడు. ఆమెకు కవలలు పుడతారు. ఒక బిడ్డ తల్లి దగ్గర, మరొక బిడ్డ తండ్రి ఇంట్లో పెరుగుతారు. కుశలవులు ఇద్దరాడపిల్లలై వచ్చారన్నమాట. మొదట కోడలిని ఏవగించుకున్న అత్త సౌందర్య తరువాత ఆమె పక్షమే వహిస్తుంది. పాటల్లోని అంతఃపుర స్త్రీల నీడ ఇక్కడ కనిపిస్తుంది.

కాని ప్రశ్న మారిపోయింది. శంకించి వెళ్ళగొట్టడం ధర్మమా అన్నది వెనక్కిపోయి, నిజం ఎప్పుడు బయటపడుతుంది అన్నదే ప్రేక్షకులను కూర్చోబెట్టింది. నేరమంతా మోనితది, భర్త మోసపోయిన మంచివాడు. మరి మోనిత చెప్పింది నిజమే అయివుంటే? గర్భిణిని వీధిపాలు చేయడం అప్పుడు ధర్మమవుతుందా? ధారావాహిక ఈ మాట అడగదు. అడగకపోవడంలోనే జవాబు ఉందని నా అభిప్రాయం.

మన చట్టం ఇంత అనుమానపు మనిషి కాదు. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షను ప్రకారం, చెల్లుబాటయ్యే వివాహం నిలిచివుండగా పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే. కాదనేవాడు, వారు కలుసుకునే అవకాశమే లేదని రుజువు చేయాలి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ నియమం 116వ సెక్షనుగా ఉంది. పితృత్వ పరీక్షలకు అలవోకగా ఆదేశించరాదని సుప్రీంకోర్టు 1993లోను, మళ్ళీ 2023లోను చెప్పింది. భార్యాభర్తల తగవులో బిడ్డ పరువు పోరాదన్నది ఇందులోని ఆలోచన.

మా రాయికల్ ప్రాంతంలో ఇది పుస్తకాల చర్చ కాదు. 2016లో జగిత్యాల జిల్లా ఏర్పడేదాకా మాది కరీంనగర్ జిల్లా. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అన్న మాట పుట్టిన నేల ఇది. ఇక్కడా, కోరుట్ల, సిరిసిల్ల వైపునా ఎన్నో కుటుంబాల్లో మగవాళ్ళు ఏళ్ళ తరబడి గల్ఫ్‌లో ఉంటారు. ఇల్లాళ్ళు బీడీలు చేస్తూ, పిల్లలను చదివిస్తూ, అప్పు తీరుస్తూ ఇల్లు నడుపుతారు. అక్కడ మగడు ఎట్లా ఉన్నాడని ఎవరూ ఆరా తీయరు. ఇక్కడ ఆమె ఎవరితో మాట్లాడిందన్నది మాత్రం వాడకంతా లెక్కే. తిక్కన చెప్పిన లోకాపవాదం మా వాడల్లో ఇంకా బతికే ఉంది.

ఒళ్ళో చాట పెట్టుకొని ధారావాహిక చూసే ఆ ఇల్లాలికి టీవీ ఏమి చెబుతున్నది? ఓపిక పట్టు, ఒకనాటికి నీ నిర్దోషిత్వం రుజువవుతుంది, అతడు కన్నీళ్ళతో వస్తాడు అని. ఆమె ముత్తవ్వల కాలం పాటలు చెప్పింది వేరు: రుజువు అడగడమే తప్పు అని. చదువు రాని ఆడవాళ్ళు పాడుకున్న పాటలకున్న తెగువ, ఇంత సాంకేతికత చేతిలో ఉన్న ధారావాహికలకు లేకపోవడం ఆలోచించవలసిన విషయం.