వర్చువల్ మెషీన్లకు మెమరీ కేటాయింపు

ఒకే సర్వరుపై నడిచే అనేక వర్చువల్ మెషీన్లకు, ఆ సర్వరులోని ర్యామ్‌ను ఎంతెంత పంచాలో ముందుగా లెక్కించి నిర్ణయించడాన్ని మెమరీ కేటాయింపు అంటారు. ఈ సందర్భంలో అసలు సర్వరును ఆతిథేయి అనీ, దానిపై నడిచే ఒక్కొక్క వర్చువల్ మెషీన్‌ను అతిథి అనీ వ్యవహరిస్తారు. పంపకాన్ని నిర్వహించే సాఫ్టువేరు పేరు హైపర్‌వైజర్. ప్రాసెసరు సమయం చాలనప్పుడు పని నెమ్మదిస్తుంది. మెమరీ చాలనప్పుడు అతిథి యంత్రమే ఆగిపోయే ప్రమాదముంది.

చరిత్ర

ఒకే కంప్యూటరును అనేక యంత్రాలుగా విభజించే పద్ధతి 1960వ దశకంలో ఐబీఎం సంస్థలో రూపుదిద్దుకొంది. ఆ సంస్థ 1972లో వీఎం/370ని ప్రకటించింది. 1998లో స్థాపించబడిన వీఎంవేర్, 2001లో సాధారణ ఎక్స్86 సర్వర్ల కొరకు ఈఎస్ఎక్స్ సర్వరును విడుదల చేసింది. దానిలోని మెమరీ నిర్వహణ పద్ధతులను 2002లో కార్ల్ వాల్డ్‌స్పర్గర్ ఒక పరిశోధనా పత్రంలో వివరించాడు. 2007లో విడుదలైన లినక్స్ 2.6.20 కెర్నల్‌లో కేవీఎం భాగమైంది.

ముఖ్య పద్ధతులు

* స్థిర కేటాయింపు: అతిథికి ఇచ్చిన మెమరీని ఇతరులు వాడుకోలేరు. డేటాబేసు వంటి ముఖ్యమైన పనులకు ఇది క్షేమకరం.
* బెలూన్ పద్ధతి: అతిథి యంత్రంలోని ఒక చిన్న డ్రైవరు, అక్కడ అవసరం లేని మెమరీని తాను ఆక్రమించి హైపర్‌వైజర్‌కు తిరిగి అప్పగిస్తుంది.
* పేజీల ఉమ్మడి వాడకం: అనేక అతిథులలో ఒకే విధంగా ఉన్న పేజీలకు ఒకే ప్రతిని ఉంచుతారు. భద్రతా కారణాల వలన, వేర్వేరు అతిథుల మధ్య ఈ సౌకర్యాన్ని వీఎంవేర్ 2014 నుండి అప్రమేయంగా నిలిపివేసింది.
* స్వాపింగ్: ర్యామ్‌లో పట్టని పేజీలను డిస్కుపై వ్రాస్తారు. హార్డు డిస్కు ర్యామ్ కంటే దాదాపు లక్ష రెట్లు నెమ్మది కనుక ఇది చివరి ఉపాయం మాత్రమే.

అధిక కేటాయింపు

ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ మెమరీని అతిథులకు వాగ్దానం చేయడమే అధిక కేటాయింపు. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకమే దీనికి ఆధారం. చెరువు కింద ఆయకట్టుకు వంతులవారీగా నీరు పారించినంత కాలం సరిపోతుంది. అందరికీ ఒకే రోజున నీరు కావలసి వస్తే చాలదు. లినక్స్ ఆతిథేయిలో ర్యామ్, స్వాప్ రెండూ నిండిపోతే, మెమరీని విడిపించుటకు కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ను బలవంతంగా ముగిస్తుంది. కేవీఎంలో ప్రతి అతిథి ఒక ప్రాసెస్ మాత్రమే. సాధారణంగా ఎక్కువ మెమరీ వాడుతున్న ప్రాసెస్ ముందుగా ఎంపికవుతుంది కనుక, అన్నిటికంటే ముఖ్యమైన డేటాబేసే ఆగిపోవచ్చు.

ఉదాహరణ

త్రిపురాంతకం, మార్కాపురం వంటి చోట్ల ఒక కళాశాలలో 64 గిగాబైట్ల ర్యామ్ ఉన్న సర్వరు ఒకటే ఉన్నదనుకుందాం. ఆతిథేయికీ, హైపర్‌వైజర్ అవసరాలకూ 6 గిగాబైట్లు విడిచిపెడితే 58 మిగులుతాయి. విద్యార్థుల రికార్డుల డేటాబేసుకు 16, గ్రంథాలయానికి 4, వెబ్‌సైటుకు 4 కలిపి 24 గిగాబైట్లు. ప్రయోగశాలకు రెండేసి గిగాబైట్ల అతిథులు 20 కావాలంటే మరో 40 అవుతుంది. మొత్తం 64, అనగా 6 గిగాబైట్లు అధికం.

మామూలు రోజులలో ఈ లోటు కనిపించదు. ప్రయోగ పరీక్ష నాడు ఇరవై యంత్రాలూ పూర్తిగా పనిచేస్తే స్వాపింగ్ మొదలై, వాటితో పాటు డేటాబేసు కూడా నెమ్మదిస్తుంది. ఒక్కొక్క ప్రయోగశాల యంత్రానికి ఒకటిన్నర గిగాబైట్లు సరిపోతే మొత్తం 54కు తగ్గి, 4 గిగాబైట్లు మిగులుతాయి. సరిపోని పక్షంలో విద్యార్థులను రెండు జట్లుగా విభజించాలి, లేదా ర్యామ్ పెంచాలి.

ప్రణాళికలో జాగ్రత్తలు

* సగటు వాడకాన్ని కాక, అత్యధిక వాడకాన్ని కొలవాలి.
* అతిథి యంత్రం ఖాళీ మెమరీని ఫైళ్ళ క్యాషెగా వాడుకొంటుంది. కనుక "వాడుకలో ఉన్నది" అని చూపే మెమరీ అంతా నిజమైన అవసరం కాదు.
* ముఖ్యమైన అతిథులకు మెమరీని రిజర్వు చేయాలి.
* రెండు సర్వర్లు ఉన్నచోట, ఒకటి చెడిపోయినా ముఖ్యమైన అతిథులన్నీ రెండవదానిలో పట్టేటట్లు చూడాలి.

క్లౌడ్ సేవలలో

అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రంగా ఒక ప్రాంతీయ విభాగాన్ని ప్రారంభించింది. ఇటువంటి సేవలలో ఆతిథేయి నిర్వహణ భారం సంస్థదే. నిర్ణీత పరిమాణాలలో లభించే మెమరీ నుండి తగినదానిని ఎంచుకోవడం మాత్రం వాడుకరి బాధ్యత. తక్కువ ఎంచుకొంటే పని ఆగుతుంది. ఎక్కువ ఎంచుకొంటే వాడని మెమరీకి కూడా అద్దె చెల్లించాలి.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగ్ సిస్టమ్
* వర్చువల్ మెమరీ
* క్లౌడ్ కంప్యూటింగ్