మెట్‌ఫార్మిన్, పేగు బాక్టీరియా: పరిశోధన చరిత్ర

మధుమేహానికి ప్రపంచమంతటా వైద్యులు ముందుగా రాసే మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఒకటి. 1922లో డబ్లిన్‌లో ఎమిల్ వెర్నర్, జేమ్స్ బెల్ దీన్ని తొలిసారి తయారు చేశారు. 1957లో పారిస్ వైద్యుడు ఝాన్ స్టెర్న్ రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలు ప్రకటించాడు. దీని తోబుట్టువు లాంటి ఫెన్‌ఫార్మిన్ రక్తంలో ల్యాక్టిక్ ఆమ్లాన్ని ప్రాణాంతకంగా పెంచడంతో 1970ల చివర్లో చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. ఆ అనుమానం మెట్‌ఫార్మిన్ మీదా పడింది. అమెరికా అనుమతి 1994 డిసెంబరులో గానీ రాలేదు. ఇన్ని దశాబ్దాలూ పాఠ్యపుస్తకాలు దీన్ని ప్రధానంగా కాలేయం మీద పనిచేసే మందుగానే చెప్పాయి. ఆ మాట అబద్ధం కాదు, అసంపూర్ణం.

లోటు ఎక్కడుందో 1984లోనే కనిపించింది. ఇటలీ పరిశోధకులు మందును పేగులను తప్పించి నేరుగా నరంలోకి ఎక్కిస్తే, మధుమేహం లేనివారి రక్తంలో చక్కెర తగ్గలేదు. కొన్ని గంటల ప్రయోగం దీర్ఘకాల వాడకానికి సాటిరాదనే అభ్యంతరం న్యాయమైనదే. అయితే పేగుల చివరి భాగంలో కరిగేలా చేసిన మాత్రలతో జరిపిన పరీక్షల ఫలితాలు 2016లో వచ్చాయి. మందు రక్తంలోకి తక్కువగా చేరినా చక్కెర తగ్గింది. పైగా మాత్ర మింగినవారి పేగు గోడల్లో మందు రక్తంలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పేరుకుంటుంది. అక్కడ కోట్లాది బాక్టీరియా ఉన్నప్పుడు వాటిని లెక్కలోంచి తీసేయడం కుదరదు.

మందు ఆ బాక్టీరియాను మారుస్తుందన్నది లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల ఒక పెద్ద పొరపాటు జరిగింది. 2012లో చైనాలో, 2013లో స్వీడన్‌లో మధుమేహుల పేగు బాక్టీరియా జన్యువులను పరిశీలించారు. రెండు చోట్లా ఆరోగ్యవంతులతో తేడాలు కనిపించాయి గానీ, ఒక చోటి తేడాలు మరో చోటి వాటితో సరిపోలలేదు. 2015లో డెన్మార్క్, స్వీడన్, చైనాలకు చెందిన 784 మంది నమూనాలను కలిపి, మెట్‌ఫార్మిన్ వాడేవారిని విడదీసి చూశాక చిక్కుముడి చాలావరకు వీడింది. ఎషెరికియా అనే బాక్టీరియా పెరగడం, ఇంటెస్టినిబాక్టర్ అనే బాక్టీరియా తగ్గడం వంటివి మందు వేసిన ముద్రలు. జబ్బు గుర్తులుగా చూసినవాటిలో కొన్ని నిజానికి చికిత్స గుర్తులు. రోగి ఏ మాత్ర వేసుకుంటున్నాడో అడగకుండా అతని పేగుల గురించి తీర్పు చెప్పడం అన్యాయమని ఈ ఒక్క అధ్యయనం చూపించింది.

మందు వల్ల బాక్టీరియా మారితే మారవచ్చు, చక్కెర తగ్గడానికి ఆ మార్పే కారణమని రుజువేమిటన్నది గట్టి ప్రశ్న. 2017లో స్వీడన్, స్పెయిన్ పరిశోధకులు, కొత్తగా జబ్బు బయటపడి ఇంకా మందు మొదలుపెట్టనివారిలో కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర నాలుగు నెలలు ఇచ్చారు. మెట్‌ఫార్మిన్ వాడినవారి మలాన్ని సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో ప్రవేశపెడితే, అవి గ్లూకోజును మెరుగ్గా తట్టుకున్నాయి. ఎలుక మనిషి కాదు; కాలేయం పాత్ర కూడా దీనితో కొట్టుకుపోదు. కానీ బాక్టీరియాకు సొంత వాటా ఉందనడానికి ఇది బలమైన ఆధారం. ఈ మాత్రతో చాలామందికి వచ్చే కడుపు ఉబ్బరం, విరేచనాలకూ ఈ మార్పులు కొంత కారణం కావచ్చు.

పేగు బాక్టీరియాలో మందు ముద్రను వేరుచేసి చూడటంలో, బరువు తగ్గించే మందు సెమాగ్లుటైడ్ విషయంలో చిక్కు మరింత ఎక్కువ. అది ఆకలిని చంపుతుంది, తిన్నది కడుపులోంచి మెల్లగా కదిలేలా చేస్తుంది. తిండి మారితే బాక్టీరియా ఎలాగూ మారతాయి. అందుకే మందు లేకుండా అంతే తక్కువ తిని, అంతే బరువు తగ్గినవారిని పక్కన పెట్టి పోల్చనిదే ఆ మార్పులను మందు ఖాతాలో వేయకూడదు.