బీథోవెన్ పుట్టిన యిల్లు

కవి వ్రాసిన కావ్యము పత్రముపై నిలుచును. శిల్పి చెక్కిన ప్రతిమ రాతిలో నిలుచును. సంగీతజ్ఞుని విద్య అట్టిది కాదు. పాట ముగిసిన క్షణముననే నాదము గాలిలో లీనమగును. అందుచేతనే కాబోలు, గొప్ప సంగీతజ్ఞుడు తిరుగాడిన యింటిని కన్నులార చూడవలెననియు, ఆ గడపను ఒక్కమారు తాకవలెననియు జనులకు మిక్కిలి కుతూహలము. ఈ కుతూహలము కొన్ని యిండ్లను కాపాడినది, కొన్నింటిని మార్చివేసినది. ఈ రెండును ఒకే యింటి విషయమున జరుగుటయు కలదు. జర్మనీ దేశమున, రైను నదీతీరమందలి బాన్ నగరములో, బాన్‌గాసె వీధియందలి 20వ నంబరు గృహము చరిత్రను ఇందుకు నిదర్శనముగా శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఆ యింట పుట్టినవాడు లుడ్విగ్ వాన్ బీథోవెన్. 1770 డిసెంబరు 17వ తేదీన సెంట్ రెమీగియస్ చర్చిలో ఆ శిశువునకు జ్ఞానస్నానము జరిగినట్లు లిఖితాధారము కలదు. పుట్టిన తేదీని తెలుపు పత్రము లేదు. ఆనాటి ఆచారమునుబట్టి అంతకు ముందునాడు జన్మించియుండునని పెద్దల యూహ. మన త్యాగరాజస్వామి జన్మించినది 1767లో. అనగా కావేరీ తీరమున నొకరు, రైను తీరమున నొకరు, మూడేండ్ల యంతరముతో పుట్టిన సమకాలికులన్నమాట. ఈ సామ్యమును కాలము గుర్తుండుటకు మాత్రమే చెప్పుచున్నాము. ఇరువురి మార్గములు వేరు, ఇరువురి లోకములు వేరు.

బాన్ నగరము అప్పటికి కొలోన్ మతాధిపతియైన ప్రభువునకు నివాసపట్టణము. బీథోవెన్ తాత ఆ ఆస్థానమున సంగీతాధ్యక్షుడు. తండ్రి యోహాన్ అక్కడనే గాయకుడు. యోహాన్ 1767లో వివాహమాడి, ఈ యింటి వెనుకభాగమును అద్దెకు పుచ్చుకొనెను. వీధివైపు భాగములో సాలొమన్ అను మరియొక సంగీత కుటుంబము కాపురముండెడిది. ఆ కుటుంబములోని యోహాన్ పీటర్ సాలొమన్ అను వయొలిన్ విద్వాంసుడే తరువాతి కాలమున హైడన్ మహాశయుని లండను నగరమునకు రప్పించి కచేరీలు చేయించినవాడు. వెనుకభాగమున క్రింద వంటయిల్లు, సామానుగది. మేడమీద రెండు చిన్నగదులు, ఒక పెద్దగది. ఆపైన అటక క్రింది యిరుకుగదులు. అట్టి యిరుకుగదిలో నొకదానియందే బీథోవెన్ కన్ను తెరచెనని చెప్పుదురు. ఆస్థానమున కొలువున్న సామాన్యోద్యోగి కాపురమునకు తగిన యిల్లేగాని, అందులో రాజవైభవ మేమియు లేదు.

బాలుడు మూడు నాలుగేండ్లవాడై యుండగా ఆ కుటుంబము అచ్చటినుండి వెడలిపోయెను. అటుపిమ్మట వారు చాలకాలము నివసించినది రైన్‌గాసె వీధిలో ఫిషర్ అను రొట్టెల వ్యాపారి యింట. బీథోవెన్ బాల్యమును కన్నులార చూచినవారందరును ఆ రెండవ యింటివారే. 1792లో అతడు వియన్నా నగరమునకు తరలిపోయెను. మరల జన్మభూమికి తిరిగిరాలేదు. 1827 మార్చి 26వ తేదీన వియన్నాలోనే కాలధర్మము చెందెను. అతనికి కీర్తి వచ్చిన వేళ అతడు ఊరిలో లేడు. ఊరివారికి గుర్తున్నది వేరొక యిల్లు. కనుక, పుట్టిన యిల్లేది అను ప్రశ్న వచ్చినప్పుడు పలువురు రైన్‌గాసె గృహమునే చూపిరి. ఆ తప్పిదమున ఎవరి మోసమును లేదు. జ్ఞాపకమునకు ఆధారము కావలెను. శైశవమునకు సాక్షులు తక్కువ.

ఈ చిక్కును విడదీసినవాడు బీథోవెన్ బాల్యమిత్రుడును వైద్యుడును నగు వేగెలర్. అతడు 1838లో, బీథోవెన్ శిష్యుడగు రీస్‌తో కలిసి ప్రకటించిన జీవితస్మృతులలో, జన్మస్థానము బాన్‌గాసె వీధియందలి గృహమని వ్రాసెను. ఐనను వాదము వెంటనే సమసిపోలేదు. అంతలో 1845లో ఆ నగరపు పెద్దచౌకమున బీథోవెన్ కంచువిగ్రహము వెలసెను. అందుకు చందాలు చాలక పని కుంటుపడగా, ప్రసిద్ధ పియానో విద్వాంసుడు లిస్ట్ తన ధనమునిచ్చి ఆదుకొనెను. ఆవిష్కరణోత్సవమునకు ప్రష్యా రాజును, ఇంగ్లండునుండి విక్టోరియా రాణియు విచ్చేసిరి. తెర తొలగించునప్పటికి విగ్రహము రాజదంపతులు కూర్చున్న మేడవైపునకు వీపు త్రిప్పియున్నదని నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. విగ్రహమునకు ఇంత వైభవము జరిగిన ఆ యూరిలోనే, పుట్టిన యిల్లు మాత్రము చేతులు మారుచు, అద్దెలకు పోవుచు, ఏ రక్షణయు లేకయుండెను. క్రొత్తగా విగ్రహము నిలుపుట సులభము. పాతయింటి పైకప్పు కారకుండ చూచుట కష్టము. ఇది ఒక్క బాన్ నగరమునకే చెల్లు మాట కాదు.

1873లో ఆ యింటి క్రిందిభాగమున 'బీథోవెన్ జన్మగృహము' అను పేరుతోనే ఒక భోజనశాల వెలసెను. 1887లో పెరటియందు బీరు త్రాగుటకును పాటలు వినుటకును ఒక శాల కట్టిరి. విచారించి చూచినచో, ఆ గృహమును సందర్శకులకు ఆకర్షణగా మొట్టమొదట మార్చినది ఏ పండిత పరిషత్తును కాదు, ఆ పూటకూటియిల్లే. దాని యజమానిని నిందించుటకు మాకు మనసొప్పదు. ఇల్లు తిండి పెట్టవలెను. గోడపైనున్న పేరు బేరమునకు పనికివచ్చినది, వాడుకొనెను. కాని బేరము సాగినంతవరకే ఆ పేరునకు విలువ. మరుసటి యేట, 1888లో, ఇల్లు వేరొక వర్తకునికి అమ్ముడుపోయెను. మరి యొక యేడాదికి మరల అమ్మకమునకు వచ్చెను. కూల్చివేయుదురను భయమును పుట్టెను.

అప్పుడు, 1889లో, ఆ నగరవాసులు పండ్రెండుగురు కూడి 'బీథోవెన్ గృహసంఘము'ను స్థాపించి, ఆ యింటిని కొనిరి. ప్రభుత్వము చేసిన పని కాదిది, ప్రభువులు చేసినదియు కాదు. ఆ కాలపు వయొలిన్ విద్వాంసులలో అగ్రగణ్యుడైన యోవాఖిమ్ గౌరవాధ్యక్షుడయ్యెను. బ్రామ్స్, క్లారా షూమన్ వంటివారు గౌరవసభ్యులైరి. 1890లో వాద్యగోష్ఠులతో ఒక ఉత్సవము జరిపి ధనమును కూడబెట్టిరి. పాటవలన ప్రసిద్ధమైన యిల్లు పాటవలననే నిలబడినదని చెప్పుట అతిశయోక్తి కాదు. 1893 మే నెలలో ఆ యిల్లు ప్రదర్శనశాలగా తెరువబడెను.

ఇచ్చట ఒక విషయమును దాచరాదు. ఇంటిని కాపాడినవారే ఇంటిని మార్చిరి. వస్తువులను అమర్చుటకు విశాలమైన గదులు కావలెను గనుక, వీధిభాగములోని చిన్నగదుల నడిమిగోడలను తొలగించిరి. పెరటిలోని బీరుశాలను పడగొట్టి తోట వేసిరి. బీథోవెన్ కుటుంబము కాపురమున్న వెనుకభాగమున మాత్రము పాత ఏర్పాటును చాలవరకు అట్లే యుంచిరి. కనుక ఇప్పుడు సందర్శకుడు చూచు ప్రశాంతమైన తోట 18వ శతాబ్దపు పెరడు కాదు. అది 19వ శతాబ్దపు భక్తులు కోరుకొన్న పెరడు. వ్యాపారివలన ఇంటికి కలుగు మార్పును మనము వెంటనే గుర్తింతుము. భక్తునివలన కలుగు మార్పు కంటికి కనబడదు. భక్తుడు చేసిన మార్పు అందముగా నుండుటయే దానికి కారణము.

ప్రదర్శించిన వస్తువులనుగూర్చియు ఇట్లే ఆలోచింపవలెను. అందు బీథోవెన్ కుర్రతనమున ఆస్థాన వాద్యబృందములో వాయించిన వియోలా కలదు. అతడు వియన్నాలో కడపటి దినములలో వాడిన, కాన్రాడ్ గ్రాఫ్ నిర్మించిన పియానో కలదు. వినికిడి తగ్గినప్పుడు అతనికై మెల్ట్‌సెల్ అను యంత్రశిల్పి చేసియిచ్చిన లోహపు చెవిగొట్టములు కలవు. రేడియో ముందు కూర్చుండి వినుటకు అలవాటుపడిన మనవంటివారికి ఆ గొట్టములను గూర్చి చదివినంతనే గుండె కలుక్కుమనును. తాను కూర్చిన సంగీతమును తాను వినలేని మనుష్యుడు చెవికి ఆనించుకొని ప్రయాసపడిన పనిముట్లవి. కాని ఆ పియానో గాని, ఆ గొట్టములు గాని ఈ యింటిలో అతడు వాడినవి కావు. ఈ యింటినుండి వెడలిపోవునాటికి అతడు పసివాడు. లోకములోని ప్రతి చప్పుడును చక్కగా వినగలిగినవాడు. ఈ భేదమును చెప్పువాడు ప్రక్కన లేనిచో, సందర్శకుడు నిజమైన వస్తువులను చూచియు తప్పు చరిత్రను ఇంటికి కొనిపోవును.

రెండవ ప్రపంచయుద్ధమున ఆ గృహమునకు పెద్దగండము వచ్చెను. సేకరణలను ముందుగానే సురక్షితస్థలమునకు తరలించిరి. 1944 అక్టోబరు 18వ తేదీన బాన్ నగరమధ్యము బాంబులకు గురియై మండిపోయెను. ఈ యింటి కప్పుమీదను నిప్పుబాంబు పడెను. లోపల కావలియున్నవారు తెగించి మంటల నార్పుటచే ఇల్లు బ్రతికెను. సరిగా రెండు దినములకు ముందు, అక్టోబరు 16వ తేదీన, ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గ్ నగరమున మొజార్ట్ కుటుంబము 1773నుండి నివసించిన గృహము బాంబు దెబ్బకు చాలభాగము కూలిపోయెను. ఆ స్థలమున కార్యాలయముల కట్టడమొకటి లేచెను. తరువాత మొజార్ట్ సంస్థవారు ఆ స్థలమును కొని, క్రొత్త కట్టడమును తొలగించి, పాతపటములనుబట్టి ఇంటిని మరల కట్టి, 1996 జనవరిలో తెరచిరి. ఇక వియన్నాలో బీథోవెన్ కన్నుమూసిన గృహము మాటయేమి? దానిని యుద్ధము కూల్చలేదు. 20వ శతాబ్ది ఆరంభమున, ప్రశాంతకాలములోనే, మనుష్యులే పడగొట్టిరి. అప్పటికి బాన్ నగరములోని జన్మగృహము తెరువబడి పదేండ్లు గడచినవి.

నిలిచిన యిల్లు, మరల కట్టిన యిల్లు, పోయిన యిల్లు: ఈ మూటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు తేలునదేమి? మరల కట్టిన యిల్లు అబద్ధమని మేమనము. తాను మరల కట్టబడితినని చెప్పుకొనునంతవరకు దానియందు దోషము లేదు. పాతదిగా నటించినప్పుడే దోషము. అట్లే నిలిచిన యిల్లు కేవలము నిలిచియున్నంత మాత్రమున ధన్యము కాదు. దానిలో ఏమి జరుగుచున్నదనునదే ముఖ్యము.

ఈ విషయమున బాన్ సంఘమువారు మేలైన త్రోవ తొక్కిరి. 1927లో, బీథోవెన్ మరణించి నూరేండ్లయిన సందర్భమున, అతని వ్రాతప్రతులను పరిశోధించుటకు ఒక భాండాగారమును నెలకొల్పిరి. జ్యూరిక్ నగరవాసియగు బోడ్మర్ అను సేకర్త తాను జీవితమంతయు కూడబెట్టిన బీథోవెన్ వ్రాతప్రతులను, లేఖలను, వస్తువులను 1956లో ఈ సంస్థకే చెందునట్లు చేసెను. 1989లో ప్రక్కనే వాద్యగోష్ఠులకై ఒక మందిరము వెలసెను. 250వ జయంతికి ముందు, 2019 డిసెంబరులో, ప్రదర్శనశాలను క్రొత్తగా తీర్చి తెరచిరి. చూడవచ్చినవాడు చూచి పోవచ్చును, చదువగోరినవాడు చదువవచ్చును, వినగోరినవాడు వినవచ్చును. టిక్కెట్టు అమ్ముటతో ఆ యింటి పని ముగిసిపోలేదు.

ఆ సంఘమువారు చేసిన పనులలో మాకు మిక్కిలి నచ్చినది మరియొకటి కలదు. జన్మస్థానమని చెప్పు అటకగదిని వారు చాలకాలము ఇంచుమించు ఖాళీగానే యుంచిరి. ఒక శిరోవిగ్రహము తప్ప అందేమియు లేదు. ఊయల పెట్టలేదు, మంచము వేయలేదు. అట్టివి ఏ పాతసామానుల అంగడిలోనైనను దొరకును. పెట్టియుండిన సందర్శకులు మురిసిపోయెడివారు. తెలియనిదానిని తెలిసినట్లు అలంకరింపక వదలుటకు ధైర్యము కావలెను. బోసిగోడలు, వాలుకప్పు, చిన్నకిటికీ: ఇంత యిరుకుచోట పుట్టినవాడు అంత విశాలమైన నాదప్రపంచమును నిర్మించెనను సత్యమును ఆ ఖాళీగది చెప్పినంతగా ఏ సామానును చెప్పజాలదు.

మహావిద్వాంసుల గృహములను నిలుపదలచినవారెవరైనను ఈ చరిత్రనుండి గ్రహింపవలసినవి కలవు. ముందుగా ఇల్లేదో నిజముగా నిర్ణయించుకొనవలెను. సాక్షులు బ్రతికియుండగానే ఆ పని జరుగవలెను. ఏది పాతదో, ఏది క్రొత్తదో దాపరికము లేక చెప్పవలెను. అన్నిటికిని మించి, ఆ యింటిలో సంగీతము ఆగిపోకుండ చూడవలెను. ఇటుకలు, గచ్చు ఎవరి యింటికైనను ఒక్కటే. వీధిలోని తక్కిన యిండ్లనుండి ఆ యింటిని వేరుచేసినది నాదము. దానిని విడిచి గోడలను మాత్రము కాపాడినచో మిగులునది పాతకట్టడమే.