లేసు దారం, సైకిల్ కొట్టు (మన పేటల చరిత్ర - 9)

"ఎనిమిది భాగాలు రాశావు. అందరూ మగాళ్లే కదే" అంది అమ్మ. చదివించుకుని వింది. కళ్లు కనపడక కాదు, కనపడేదంతా సూది మీద పెట్టేసింది కాబట్టి.

నిజమే. బడి పెట్టినాయన, సంఘం పెట్టినాయన, మన పేటల్లో మొదట కొట్టు తెరిచినాయన. ఈ తొమ్మిదో భాగం కూడా మా నాన్న సైకిల్ కొట్టుతో మొదలుపెడదామనే కూర్చున్నాను. రాజోలు వైపు, కాలవ గట్టు మీద తాటాకు పాక. ఒక గాలి పంపు, పంక్చర్ నీళ్ల బేసిను, నాలుగు పాత సైకిళ్లు. గంటకింత అని అద్దెకిచ్చేవాడు. నేను బడికెళ్లే వయసుకి సైకిళ్లు పదకొండయ్యాయి, పాక పోయి రేకులొచ్చాయి, రేకుల మీద నాన్న పేరుతో బోర్డు వచ్చింది. పేటలో ఒక మనిషి ఎవడి చేలోకీ కూలికి పోకుండా బతకడం చిన్న సంగతి కాదు. ఊళ్లో రైతు కబురు పెడితే "కొట్టు కట్టెయ్యడానికి కుదరదండి" అని నాన్న చెప్పడం నేను చెవులారా విన్నాను. ఆ ఒక్క మాట కోసమే ఆ కొట్టు పెట్టాడేమో అనిపిస్తుంది.

మరి పెట్టుబడి? ఒక బ్యాంకుకి నాలుగుసార్లు తిరిగాడట. హామీ ఎవరన్నారు. పేటలో హామీ ఉండేవాడుంటే బ్యాంకుకెందుకు వెళ్తాడు? ఆ నాలుగు సైకిళ్లూ అమ్మ పాడుకున్న చీటీ డబ్బు. చీటీ కట్టింది లేసు డబ్బుతో.

కోనసీమ బయటి మిత్రుల కోసం లేసు గురించి కాస్త చెప్పాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నర్సాపురం. అక్కడి క్రోషా లేసుకి నూట యాభై ఏళ్లు పైబడిన చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు తెచ్చారు. మొదట నేర్పింది పేద క్రైస్తవ స్త్రీలకి, అంటే చాలామటుకు మన మాల మాదిగ ఆడవాళ్లకి. తర్వాత అది ఘోషా పాటించే కాపు ఇళ్లకి పాకింది. గడప దాటకుండా చేసుకునే పని కాబట్టి వాళ్ల పరువుకీ అడ్డం రాలేదు. ఆ తర్వాత ఏటికి ఇవతల రాజోలు, అమలాపురం వైపు కూడా ఇంటింటి పనైంది. ఇక్కడ అల్లిన బల్లగుడ్డలు, దుప్పట్లు యూరప్, అమెరికా ఇళ్లలో పరుచుకుంటారు.

పని నడిచే తీరు ఇది. కంపెనీ దారం ఇస్తుంది. ఏజెంటు ఆ దారం ఇళ్లకి పంచుతాడు. ఒకామె పువ్వులు అల్లుతుంది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకామె చేస్తుంది. ఎంత దారం అల్లితే అంత కూలి. మొత్తం దుప్పటి ఎలా ఉంటుందో పువ్వు అల్లినామెకి తెలియదు. ధర అసలే తెలియదు. నేనూ ఎనిమిదో ఏట పువ్వు పట్టాను. చూపుడువేలికి దారం కోసుకుపోతే కొబ్బరినూనె రాసి మళ్లీ కూర్చోబెట్టేది అమ్మ. చదువు పాడవుతుందని తిట్టేదీ ఆవిడే.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం వచ్చి ఈ ఆడవాళ్ల మధ్య తిరిగి పరిశోధన చేసింది. 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో పుస్తకంగా వచ్చింది. పీహెచ్‌డీ చేసే రోజుల్లో యూనివర్సిటీ లైబ్రరీలో ఆ పుస్తకం దొరికితే, మా అరుగు గురించి జర్మనీ ఆవిడ రాసిందేంటని నిలబడే సగం చదివేశాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేస్తున్నదాన్ని, మా అమ్మ చేతిపని గురించి ఒక ఇంగ్లీషు పుస్తకంలో తెలుసుకుంటున్నాను. సిగ్గేసింది కూడా.

ఆమె చెప్పింది స్థూలంగా ఇది. ఈ ఆడవాళ్లు ప్రపంచ మార్కెట్ కోసం రోజుకి ఆరేడు గంటలు అల్లుతున్నారు. అయినా ఎగుమతిదారుడు గానీ, సర్కారు లెక్కలు గానీ, ఇంట్లో మగవాడు గానీ వాళ్లని పనివాళ్లనరు. 'ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటారు' అంటారు. ఆ 'ఖాళీగా' అన్న మాట వల్లే కూలి రోజుకి రూపాయికి కూడా చేరలేదు. పొలం కూలికన్నా బాగా తక్కువ. దీనికి ఆమె పెట్టిన పేరుని తెలుగులో గృహిణీకరణ అనొచ్చు. పైగా వ్యాపారం పెరిగేకొద్దీ ఏజెంట్లుగా, వర్తకులుగా ఉన్న ఆడవాళ్లని తప్పించి మగవాళ్లు వచ్చారు. పెళ్లాం అల్లిన లేసు అమ్ముకుంటూ మొగుడు వర్తకుడైన ఇళ్లున్నాయి. హరిత విప్లవంలో మిగిలిన డబ్బు కూడా ఈ ఎగుమతుల్లోకి వచ్చింది.

మన పేటల సంగతి దీనికి కొంచెం ఎడంగా ఉంటుంది. మన ఆడవాళ్లకి 'ఇంట్లో కూర్చునే' పరువు ఎవరిచ్చారు గనక? పగలు ఊడ్పులు, కోతలు, కొబ్బరి డొక్కల దగ్గర పీచు పని. లేసు రాత్రి పని. మా అమ్మ పొద్దున్నే చేలోకి వెళ్లి, సాయంత్రం వంట చేసి, మమ్మల్ని పడుకోబెట్టి కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చునేది. ఆ కిరసనాయిలు ఖర్చు కంపెనీది కాదు. అరుగు కంపెనీది కాదు. నడుంనొప్పికి రాసుకునే మందు కంపెనీది కాదు. షెడ్డు వెయ్యకుండా, అద్దె కట్టకుండా, లైటు బిల్లు లేకుండా వేల మంది చేత పనిచేయించుకునే ఫ్యాక్టరీ అది.

నాకు చాలా ఆలస్యంగా తట్టిన విషయం ఒకటి ఉంది. ఆ ఒక్క సూది మీద రెండు వ్యాపారాలు నిలబడ్డాయి. ఒకటి ఏటవతలి కంపెనీ. రెండోది మా నాన్న కొట్టు.

లెక్క చెప్తాను చూడండి. కొట్టులో వచ్చిన డబ్బు నాన్న మళ్లీ కొట్టులోనే పెట్టేవాడు. ట్యూబులు, సొల్యూషను, ఒక సెకండ్ హ్యాండ్ సైకిలు. పెట్టగలిగాడు ఎందుకంటే ఇంట్లోకి బియ్యం, ఉప్పు, మా పలకలు, నాయనమ్మ మందులు లేసు డబ్బుతో వచ్చేవి. వానాకాలం రోడ్డంతా బురదై సైకిళ్లు కదలని నెలల్లో కొట్టుకి బేరమే ఉండదు. ఆ నెలల్లో కొట్టు ఎత్తిపోకపోవడానికి కారణం ఆవిడ అల్లిన పువ్వులు. వ్యాపారం పుస్తకాల్లో దీనికి వర్కింగ్ క్యాపిటల్ అని పెద్ద పేరుంది. మా ఇంట్లో దాని పేరు "మీ అమ్మ ఏదో అల్లుతుంది లే".

నాన్న చెడ్డవాడని చెప్పడం లేదు. తాగి తన్నే మనిషి కాదు. రాత్రి సూదిలో అమ్మకి కళ్లు మండితే బుడ్డి వత్తి ఎగదోసి కూర్చునేవాడు. కానీ ఎవరైనా "కొట్టు ఎలా పెట్టావు" అనడిగితే "రెక్కల కష్టం" అనేవాడు. ఎవరి రెక్కలో చెప్పేవాడు కాదు. ఏజెంటు పుస్తకంలో కూడా అమ్మ పేరు లేదు. నాన్న పేరు రాసి, పక్కన పేట పేరు రాసి, దాని కింద దారం లెక్క రాసేవాడు.

బాబాసాహెబ్ జీవితంలో ఈ సందర్భాన్ని మనం సరిగ్గా గమనించలేదనుకుంటాను. బరోడా ఉద్యోగం వదిలేశాక ఆయన బొంబాయిలో షేర్ల పెట్టుబడుల మీద సలహాలిచ్చే ఒక చిన్న సంస్థ పెట్టారు. ఆయన కులం తెలిశాక వచ్చేవాళ్లు రావడం మానేశారు. సంస్థ మూతపడింది. ఆ రోజుల్లో, అంతకుముందు ఆయన విదేశాల్లో చదువుకున్న రోజుల్లో, ఇల్లు లాక్కొచ్చింది రమాబాయి. పిడకలు చేసి అమ్మిందని మనం పాటలు కట్టి పాడుకుంటాం. ఆమె 1935లో పోయింది. తర్వాత పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని ఆయన ఆమె జ్ఞాపకానికే అంకితమిచ్చారు, తనతో పాటు ఆమె పడ్డ లేమిని కూడా అందులో చెప్పి. దేశ విభజన మీద రాసిన రాజకీయ గ్రంథానికి మొదటి పేజీలో భార్య పేరు. మన ఇళ్లలో ప్రతి గోడ మీదా బాబాసాహెబ్ ఫోటో ఉంది. ఆ మొదటి పేజీ మాత్రం గోడెక్కలేదు.

డ్వాక్రా వచ్చాక అమ్మ పేరు మొదటిసారి కాగితం మీదకెక్కింది. అప్పు తీసుకున్న మనిషిగా! ఆ అప్పుతో కొట్టుకి గాలి కంప్రెసర్ వచ్చింది. వాయిదాలు మళ్లీ లేసు డబ్బుతో కట్టింది. బోర్డు మారలేదు.

మా పిన్నులిద్దరు సూది వదిలేసి కువైట్ వెళ్లారు. రాజోలు, మలికిపురం వైపు పేటల్లో డాబా కనిపిస్తే చాలాసార్లు దాని వెనక గల్ఫులో వంటింట్లో పనిచేసిన ఆడమనిషి ఉంటుంది. డాబా కింద గదిలో మొగుడి సెల్‌ఫోన్ షాపో, చికెన్ సెంటరో ఉంటుంది. అది వేరే భాగం రాయాల్సిన కథ. ఇక్కడ ఇరికించను.

2024లో నర్సాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. మంచిదే. చైనా యంత్రం లేసు వచ్చి మన చేతి లేసుని దెబ్బ కొట్టాక ఏ చిన్న ఆసరా అయినా కావాలి. పేపర్లో ఆ వార్త చూసి అమ్మకి ఆర్టిజాన్ కార్డు తీయిద్దామని దరఖాస్తు ముందేసుకున్నాను. ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నారు అని ఒక గడి. నలభై అని రాశాను. దానికి సాక్ష్యం ఏముందని ఇల్లంతా వెతికాను. ఒక రసీదు లేదు, పాసుపుస్తకం లేదు, అమ్మ అల్లిన లేసు ముక్క కూడా ఇంట్లో లేదు. అల్లిందల్లా పంటు ఎక్కి వెళ్లిపోయింది.

దొరికినవల్లా నా పాత సర్టిఫికెట్లు, అప్లికేషన్ల జిరాక్సులు. ఇంటర్, డిగ్రీ, ఎంఏ, పీహెచ్‌డీ. ప్రతి దానిలో తండ్రి వృత్తి: వ్యాపారం. తల్లి వృత్తి: గృహిణి. అన్నీ నా చేతిరాతే.

అమ్మకి చూపించాను. కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, "నీ రాత ఇంటర్లోనే బాగుండేది" అంది.

(పదో భాగం గల్ఫ్ వెళ్లిన పిన్నుల గురించి. జై భీమ్.)